ఆముదం తాగే ట్రక్కు

మూడు సీసీల పైచిలుకు ఇంజను ఒక అశ్వశక్తికి మించి ఇస్తుందంటే మోటార్‌సైకిల్ మెకానిక్ ఎవరైనా ముందు నవ్వేస్తాడు, తర్వాత లెక్క వేస్తాడు. మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించే హీరో స్ప్లెండర్ ఇంజను 97.2 సీసీ. దాని శక్తి సుమారు 8 అశ్వాలు. రిమోట్‌తో నడిచే నైట్రో ట్రక్కులో ఉండే 3.3 సీసీ ఇంజను ఒక్క అశ్వశక్తే ఇస్తుందనుకున్నా, ఆ పనితనం స్ప్లెండర్‌కి ఉంటే అది దాదాపు 30 అశ్వాల బండి అయ్యేది. అంత చిన్న సిలిండరులోంచి అంత శక్తి ఎలా వస్తోంది? దాన్ని రాబట్టుకోవడానికి ఇంజను ఏం చెల్లిస్తోంది? ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండా స్క్రూడ్రైవరు పట్టుకున్నవాడి ట్రక్కు ఎక్కువ కాలం బతకదు.

ఈ ట్రక్కుల్లో బాగా పేరుపడ్డది టీ-మ్యాక్స్. టెక్సస్‌లోని ట్రాక్సాస్ కంపెనీ 1999లో దాన్ని బజారులోకి తెచ్చింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, రెండు గేర్లు, రివర్సు కూడా ఉంది. మొదట్లో దానికి 0.15 ఘనపు అంగుళాల ఇంజను ఉండేది, మన కొలతలో 2.5 సీసీ. తర్వాత అది 3.3 సీసీకి పెరిగింది. రెండూ టూ-స్ట్రోకులే. 30,000 ఆర్‌పీఎం దాటి తిరగగలిగినవే. నిమిషానికి 30,000 అంటే సెకనుకు 500 చుట్లు, టూ-స్ట్రోకు కాబట్టి సెకనుకు 500 మంటలు. ఒక్కో చుట్టుకు 2 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలోనే ఇంధనం లోపలికి రావాలి, నొక్కుకోవాలి, అంటుకోవాలి, మండాలి, పొగ బయటికి పోవాలి. చిన్న ఇంజనుకు అంత శక్తి రావడంలో సగం కారణం ఈ వేగమే. మిగతా సగం ఇంధనపు సీసాలో ఉంది.

ఆ సీసాలో ఎక్కువ భాగం మిథనాల్. నైట్రోమీథేన్ సాధారణంగా 10 నుంచి 30 శాతం. మిగిలింది నూనె. నైట్రో పేరు వినగానే పెట్రోలును మించి మండే పదార్థమని చాలామంది అనుకుంటారు. నిజం అందుకు తలకిందులు. కిలో పెట్రోలు మండితే దాదాపు 44 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. కిలో మిథనాల్‌కి 20 మాత్రమే, కిలో నైట్రోమీథేన్‌కి 11 చిల్లర. ఇంత తక్కువ వేడి ఉన్న ఇంధనం ఎక్కువ శక్తి ఎలా ఇస్తుంది?

ఇంజనుకు ఇంధనం కరువు కాదు, గాలి కరువు. సిలిండరులో పట్టే గాలి ఇంతేనని కొలత ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న కిలో ఇంధనానికి ఎంత వేడి అని కాదు, కిలో గాలికి ఎంత వేడి అని. పూర్తిగా మండాలంటే కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కి ఆరున్నర కిలోలు చాలు, నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలే సరిపోతుంది. కారణం, నైట్రోమీథేన్ అణువు తన ఆక్సిజన్‌ని తనలోనే మోసుకొస్తుంది. ఇప్పుడు భాగించి చూడండి. కిలో గాలికి పెట్రోలు 3 మెగాజౌళ్ళు ఇస్తే మిథనాల్ కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది, నైట్రోమీథేన్ మాత్రం ఆరున్నర దాకా ఇస్తుంది. రెట్టింపు కన్నా ఎక్కువ. అమెరికాలో టాప్ ఫ్యూయల్ డ్రాగ్ రేసు కార్లు 90 శాతం దాకా నైట్రోమీథేన్ వాడేది ఇందుకే.

ఇదే గుణం దాన్ని పేలుడు సామగ్రిగా కూడా మార్చగలదు. 1995లో ఓక్లహామా సిటీ బాంబులో అమ్మోనియం నైట్రేట్‌తో పాటు కలిపింది దీన్నే. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి మామూలు జనానికి 16 శాతం మించిన మిశ్రమాన్ని అమ్మడంపై ఆంక్షలు వచ్చాయి. అక్కడి ఆటబండ్ల సీసాల మీద 16 అనే అంకె ఎక్కువగా కనబడటానికి మూలం అదే.

మరి మిథనాల్ దేనికి? ఈ ఇంజనులో స్పార్కు లేదు. మ్యాగ్నెటో, కాయిల్, ఇగ్నిషన్ టైమింగ్ ఏవీ లేవు. సిలిండరు తల మీద గ్లో ప్లగ్ అనే చిన్న బిళ్ళ, అందులో ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట, అంతే. స్టార్టు చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి, ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. ఆ తర్వాత తీగ ఆరిపోదు. వేడెక్కిన ప్లాటినం తీగ మండే వాయువు, గాలి కలిసిన చోట మంట లేకుండానే ఎర్రగా వెలుగుతూ ఉండటాన్ని 1817లో హంఫ్రీ డేవీ గమనించాడు. మిథనాల్ ఆవిరి ప్లాటినం ఉపరితలం మీద ఆక్సిజన్‌తో కలిసి వేడినిస్తుంది, తీగ ఖర్చు కాదు. ఈ గుణాన్ని ఆటవిమానాల ఇంజనులోకి తెచ్చి అమెరికన్ రే ఆర్డెన్ 1947లో గ్లో ప్లగ్‌ని అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు పిడికెడంత విమానం కూడా బ్యాటరీ, కాయిలు మోసుకుని ఎగరాల్సి వచ్చేది.

స్పార్కు లేకపోవడం తేలికే గానీ ఊరికే రాలేదు. మంట ఏ క్షణాన అంటుకోవాలో చెప్పే యజమాని ఎవరూ లేరు. ప్లగ్ ఎంత వేడిది, సిలిండరులో ఒత్తిడి ఎంత, నైట్రో శాతం ఎంత, ఇంధనం పల్చనా చిక్కనా అన్నవన్నీ కలిసి ఆ క్షణాన్ని తేలుస్తాయి. ఒకటి మార్చితే టైమింగ్ కూడా మారుతుంది.

ఇక నూనె. ఈ ఇంజనుకు ఆయిల్ పంపు లేదు, సంపు లేదు. నీళ్ళ జాకెట్టు అసలే లేదు. ఇంధనం ముందు క్రాంక్‌కేసులోకి వెళ్ళి, బేరింగుల్ని, కనెక్టింగ్ రాడ్డుని తడిపి, ఆ తర్వాతే సిలిండరులోకి ఎక్కుతుంది. కాబట్టి నూనె ఇంధనంలోనే కలిసి ఉండాలి, మిథనాల్‌లో కరగాలి. మామూలు పెట్రోలియం నూనెలు మిథనాల్‌లో కరగవు. ఆముదం కరుగుతుంది. ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ గుంపు అదనంగా ఉండటం వల్ల ఆల్కహాల్‌తో దానికి స్నేహం కుదిరింది, పెట్రోలుతో అంతగా కుదరలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సాప్‌విత్ క్యామెల్ వంటి విమానాల రోటరీ ఇంజన్లు నడిచింది ఆముదంతోనే. పైలట్లు ఆ పొగ పీల్చి కడుపు పాడుచేసుకునేవారని చెబుతారు, మన బామ్మలకు ఆశ్చర్యం కలిగించే సంగతి కాదది. నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో వానాధారంగా పండే పంట ప్రపంచమంతటా రేసు ఇంజన్లకు అవసరమైంది. నేటికీ ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది భారతదేశంలోనే, అందులోనూ గుజరాత్‌లో.

ఇప్పటి సీసాల్లో సింథటిక్ నూనెదే పెద్ద వాటా, ఆముదం కొద్దిగా కలుపుతారు. ఆ కొద్దిని కూడా తీసేయొద్దని నా సలహా. సింథటిక్ శుభ్రంగా ఉంటుంది గానీ వేడి హద్దు దాటితే మండిపోయి లోహాన్ని వదిలేస్తుంది. ఆముదం అలాంటప్పుడు ఇంకా చిక్కబడి, అంటుకునే పొరగా మారి లోహాన్ని కాపాడుతుంది. ఆ పొరే చల్లారాక గోధుమరంగు వార్నిష్‌లా గడ్డకడుతుంది. ఇంజను విప్పినప్పుడు కాస్త తోమాల్సి వస్తుంది, అంతే.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక చోట కలిపితే ఈ యంత్రం గుట్టు తెలుస్తుంది. ఇందులో శక్తినిచ్చేది, అంటించేది, నూనె పూసేది, చల్లార్చేది, నాలుగు పనులూ చేసేది ఒక్క ఇంధనమే. చల్లార్చడం కూడానా అంటే, అవును. మిథనాల్ ఆవిరి కావడానికి కిలోకు దాదాపు 1,100 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది, పెట్రోలుకైతే 350 దరిదాపుల్లో చాలు. పైగా అంతే గాలికి మిథనాల్ రెండింతలకు మించి పోయాలి. లెక్క కడితే అదే గాలికి పెట్రోలు కంటే ఏడు రెట్ల చల్లదనం. అందువల్ల కార్బురేటరు మీది నీడిల్ స్క్రూని సవ్యదిశలో ఎనిమిదో వంతు చుట్టు తిప్పినప్పుడు తగ్గేది పెట్రోలు బండిలోలా ఇంధనం ఒక్కటే కాదు. నూనె తగ్గింది, చల్లదనం తగ్గింది, మంట అంటుకునే క్షణం ముందుకు జరిగింది. స్క్రూ ఒకటే అయినా నాలుగు పనులూ కదిలాయి.

ఇందులో ఒక మాయ ఉంది. ఇంధనం తగ్గించి పల్చన చేస్తున్నకొద్దీ, అంటే లీన్ చేస్తున్నకొద్దీ, ఇంజను చురుకవుతుంది, గొంతు పదునెక్కుతుంది. సీజ్ అవడానికి కాస్త ముందు అది అద్భుతంగా పరిగెడుతుంది. కొత్తవాళ్ళు అక్కడే మోసపోతారు. చెవికి ఇంపుగా ఉన్న చోటు నుంచి కొంచెం వెనక్కి, కాస్త రిచ్‌గా, అంటే చిక్కగా ఉంచడం అలవాటు చేసుకోవాలి. ఫుల్ థ్రాటిల్‌లో వెళ్తున్నప్పుడు ట్రక్కు వెనక సన్నటి పొగ ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. పొగ లేదంటే నూనె లేదని.

కార్బురేటరు స్క్రూలు సరిచేసే వరస ఇది: పెద్ద నీడిల్ ముందు, చిన్నది తర్వాత, ఐడిల్ స్క్రూ చివర్లో. ఈ వరస తప్పితే ఒకదాని తప్పుని ఇంకోదానితో కప్పుకుంటూ పోతాం. ఐడిల్‌లో ఉండగా కార్బురేటరుకు వెళ్ళే ఇంధనపు గొట్టాన్ని వేళ్ళతో నొక్కిపెడితే, ఇంజను కొద్దిగా వేగం పుంజుకుని రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. నొక్కగానే ఆగిపోతే లీన్, చాలాసేపు కొట్టుకుంటూ ఉంటే రిచ్. తల వేడి సుమారు 95 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు లేనివాళ్ళు దోసె పోసేముందు పెనం చూసినట్టే చూస్తారు. తల మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని వెంటనే ఎగిరిపోకూడదు, మూడు నాలుగు సెకన్లు ఉండి ఆవిరవ్వాలి. కొందరు థర్మామీటరు అంకె చూసే స్క్రూ తిప్పుతారు. ఎండలో తల వేడి ఎక్కువుంటుంది, చలిలో తక్కువుంటుంది. అంకె సరిపోలేదు కదా అని చలికాలం పొద్దున లీన్ చేస్తూ పోతే పిస్టన్ పోతుంది.

గాలి సంగతి ఇంకాస్త చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పీడనం విశాఖ కంటే సుమారు 6 శాతం తక్కువ. హైదరాబాద్‌లో చక్కగా ట్యూన్ చేసిన ట్రక్కుని బీచ్ రోడ్డుకి తీసుకెళితే అదే సిలిండరులో గాలి ఎక్కువ పడుతుంది, స్క్రూ మాత్రం పాత ఇంధనమే పంపుతుంది. ట్రక్కు తనంతట తానే లీన్ అయిపోయినట్టే. అయితే విశాఖ ఉక్కపోత కొంత ఆదుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే గాలిలో మూడు శాతం పైచిలుకు చోటు నీటి ఆవిరే ఆక్రమిస్తుంది. దాంతో ఆక్సిజన్ లాభం సగానికి పడిపోతుంది. ఏదేమైనా ఊరు మారినా, పొద్దు మారినా, కొత్త సీసా తెరిచినా స్క్రూ చూసుకోవాల్సిందే.

ఇప్పుడు లోహం వైపు వద్దాం. ఈ ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, దాని చుట్టూ క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్. ఆ స్లీవ్ లోపలి బోరు పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పితే పైకొచ్చేసరికి పిస్టన్ బిగుసుకుంటుంది. అది లోపం కాదు, దాన్ని పించ్ అంటారు, కంప్రెషన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇంజను వేడెక్కితే ఇత్తడి, సిలికాన్ ఎక్కువ కలిపిన పిస్టన్ అల్యూమినియం కంటే కాస్త ఎక్కువగా వ్యాకోచిస్తుంది, పైగా పై భాగం ఎక్కువ వేడెక్కుతుంది. 16 మిల్లీమీటర్ల ఇత్తడి బోరు 100 డిగ్రీలు వేడెక్కితే 30 మైక్రాన్లు పెరుగుతుంది. దాంతో పట్టు సడలి, పిస్టన్‌కీ గోడకీ మధ్య నూనె పొర పట్టేంత సందు మాత్రం మిగులుతుంది. ఈ ఇంజను తన అసలు కొలతకు వచ్చేది వేడిలోనే.

రన్నింగ్-ఇన్ గురించిన పాత గొడవ ఇక్కడ తేలిపోతుంది. కొత్త ఇంజనుని స్టాండు మీద పెట్టి, ఇంధనం కారిపోయేంత రిచ్‌గా, గోరువెచ్చగా గంటలకొద్దీ ఐడిల్ చేయమని ఒక వర్గం చెప్పేది. అలా చేస్తే పిస్టన్ బిగుసుకున్న బోరులోనే రాసుకుంటూ, ఆ విలువైన పించ్‌ని అరగదీసేస్తుంది. కాస్త రిచ్‌గానే ఉంచి, తల 90 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి, నెమ్మదిగా నడిపి, ట్యాంకు ట్యాంకుకీ పూర్తిగా చల్లారనివ్వడం మేలు. చలి రోజుల్లో స్టార్టు చేసేముందు హెయిర్ డ్రయరుతో తలని వేడి చేసేవాళ్ళని చూసి నవ్వక్కర్లేదు, వాళ్ళు కనెక్టింగ్ రాడ్డుని కాపాడుకుంటున్నారు.

పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉన్న సన్నటి సందుని గుర్తుంచుకుంటే ఎయిర్ ఫిల్టరు ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. మన నేల దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, వాటిలో సన్నటివి ఆ సందులో పట్టే సైజువే. క్వార్ట్జ్ అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు గట్టిది. నూనె పూయని ఫోము, అంచు సరిగా కూర్చోని ఫిల్టరు ఉంటే ఒక్క సాయంత్రానికే ఇంజను బోరుకొస్తుంది. ఫోముని కడగాలి, ఆరబెట్టాలి, ఫిల్టరు ఆయిల్ పట్టించి పిండాలి. ప్రతిసారీ.

ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలవకపోతే, ఐడిల్ తనంతట తానే రేజ్ అవుతుంటే, స్క్రూని వదిలేయండి. ఎక్కడో దొంగగాలి లాగుతోంది. కార్బురేటరు అడుగున ఓ-రింగు, వెనక మూత గ్యాస్కెటు, ఇంధనపు గొట్టంలో సూదిమొనంత రంధ్రం, వీటిలో ఏదో ఒకటి. సైలెన్సరు నుంచి వచ్చే ఒత్తిడే ట్యాంకులోని ఇంధనాన్ని కార్బురేటరుకు తోస్తుంది కాబట్టి ట్యాంకు మూత సరిగా పడకపోయినా ఇవే లక్షణాలు. ట్యాంకుని నీళ్ళలో ముంచి గొట్టంలోంచి ఊదితే బుడగలు చోటు చూపిస్తాయి. ఊదేముందు బాగా కడగండి, ఆ సీసాలో ఉన్నది మిథనాల్. కల్తీ సారాలో మనుషుల చూపు, ప్రాణం తీసే మిథనాల్ ఇదే. చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. అంటుకుంటే ఎండలో దాని మంట కంటికి కనబడదు.

అప్‌గ్రేడ్ అనగానే జనం చేయి ముందు పెద్ద ఇంజను మీదికి పోతుంది. 0.21 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 3.5 సీసీ ఇంజను తెచ్చి 2.5 సీసీకి కట్టిన బండిలో దూర్చారనుకోండి. మొదట ప్లాస్టిక్ స్పర్ గేరు పళ్ళు రాలతాయి. ఇనుపది వేస్తే డిఫరెన్షియల్ పోతుంది. అదీ మారిస్తే యాక్సిల్ వంగుతుంది. ఎక్కడో ఒకచోట ఓడిపోయే భాగం ఉండాలి. అది చవకగా, అందుబాటులో ఉండేది కావడం బండి తయారుచేసినవాడి తెలివి. ఇనుప గేరు కొనడమంటే ఆ తెలివిని డబ్బిచ్చి తీసేయించుకోవడమే.

నా మటుకు నాకు మెచ్చుకోదగ్గ అప్‌గ్రేడ్ ట్యూన్డ్ పైపు. దీనిలో కదిలే భాగం ఒక్కటీ లేదు, పని చేసేదంతా శబ్దం. పొగ ద్వారం తెరుచుకోగానే ఒక పీడన తరంగం పైపులోకి దూసుకెళుతుంది. పైపు వెడల్పయ్యే చోట వెనక్కి చూషణ పంపి సిలిండరుని ఖాళీ చేస్తుంది, సన్నబడే చోట తగిలి తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న కొత్త ఇంధనాన్ని ద్వారం మూసుకునేలోపు లోపలికి నెడుతుంది. లెక్క సులువు. 30,000 ఆర్‌పీఎంలో ద్వారం తెరిచి ఉండేది దాదాపు అర చుట్టు, అంటే ఒక మిల్లీసెకను. వేడి పొగలో శబ్దవేగం సెకనుకు సుమారు 500 మీటర్లు అనుకుంటే ఆ వ్యవధిలో తరంగం అర మీటరు పోతుంది. పోయి రావాలి కాబట్టి పైపు పొడవు పాతిక సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. పొడవు పెంచితే తక్కువ వేగంలో లాగుడు, తగ్గిస్తే పై వేగంలో దూకుడు. రాళ్ళగుట్టల్లో తిరిగే ట్రక్కుకు మొదటిదే కావాలి.

ఈ విద్యకు పెద్ద గురువు తూర్పు జర్మనీలో ఎంజెడ్ మోటార్‌సైకిళ్ళ రేసింగ్ విభాగాన్ని నడిపిన వాల్టర్ కాడెన్. పరికరాలు కరువైన రోజుల్లో, 1950లలో ఆయన టూ-స్ట్రోకు పొగగొట్టాన్ని శాస్త్రంగా మార్చాడు. ఆయన రైడరు ఎర్నస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ రేసు నుంచి అటే పశ్చిమానికి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే సుజుకీకి 50 సీసీ ప్రపంచ టైటిల్ తెచ్చాడు. తర్వాత వచ్చిన ప్రతి టూ-స్ట్రోకు రేసు ఇంజనూ, ఈ ఆటబండ్లతో సహా, కాడెన్‌కి బాకీ పడి ఉంది.

నైట్రో శాతం పెంచడం పైపు కన్నా తేలికైన పనిలా కనిపిస్తుంది. 20 నుంచి 30కి వెళితే శక్తి పెరిగే మాట నిజం. అయితే నైట్రో పెరిగితే మంట ముందే అంటుకుంటుంది, పిస్టన్ పైకి ఎక్కుతుండగానే దాన్ని కిందికి తన్నుతుంది. అందుకని తల కింద 0.1 మిల్లీమీటరు రాగి షిమ్ ఒకటి అదనంగా వేసి ఒత్తిడి తగ్గించాలి, ఒక మెట్టు చల్లటి ప్లగ్ వాడాలి, నీడిల్‌ని రిచ్ వైపు తెరవాలి. ఇవేవీ చెయ్యకుండా సీసా మార్చినవాడికి ప్లగ్ తీగే కబురు చెబుతుంది. మొదట మెలితిరుగుతుంది, తర్వాత కనబడదు. అందమైన రంగుల్లో దొరికే పెద్ద హీట్‌సింక్ తలల గురించి ఒక్క మాట. లీన్ ఇంజనుకు అవి నూనె పోయలేవు. అదే డబ్బుకి మంచి క్లచ్ బెల్ బేరింగులు, రెండు మూడు ఫిల్టర్లు వస్తాయి.

ఆట ముగిశాక చేయాల్సిన పని ఐదు నిమిషాలది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రో మండగా మిగిలిన శేషం ఆమ్లగుణం ఉన్నది, రెండూ కలిసి రాత్రికి రాత్రే బేరింగుల మీద తుప్పు మొదలుపెడతాయి. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాల్లో ఉన్నదంతా మండిపోయేదాకా ఇంజను తిప్పి, ప్లగ్ విప్పి, కార్బురేటరులోంచి, ప్లగ్ రంధ్రంలోంచి కొన్ని చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ వేసి నాలుగు చుట్లు తిప్పాలి. తర్వాత ప్లగ్ బిగించేయాలి. చివరగా ఫ్లైవీల్ మీద పిస్టన్ అడుగున ఉండే చోటుకి మార్కరుతో ఒక గీత పెట్టుకుని, ఇంజను ఆపిన ప్రతిసారీ దాన్ని ఆ గీతకు తెచ్చి వదలాలి. పిస్టన్ పైన ఉండగా చల్లారితే ఆ 30 మైక్రాన్లు వెనక్కొచ్చి దాన్ని పట్టేసుకుంటాయి, మర్నాడు స్టార్టరు తాడు లాగినవాడి చేతికి తాడే మిగులుతుంది.